దాచినదే అసలు వార్త

పార్లమెంటు ప్రెస్ గ్యాలరీలో కూర్చునే విలేకరికి ఒక పాఠం త్వరలోనే బోధపడుతుంది. సభలో మంత్రి పలికిన మాట ఎంత ముఖ్యమో, పలకకుండా దాటవేసిన మాట కూడా అంతే ముఖ్యం. పత్రిక చదివే పౌరునికి సైతం ఈ పాఠం అవసరమని నా అభిప్రాయం. అందుకు 2009 నాటి ఉదంతం ఒక్కటి చాలు.

ఆ సంవత్సరం లోక్‌సభతోపాటు నాటి ఆంధ్రప్రదేశ్ శాసనసభకూ ఎన్నికలు జరిగాయి. అభ్యర్థుల నుండి సొమ్ము పుచ్చుకొని, ప్రకటనలను వార్తల వేషంలో అచ్చువేస్తున్నారని బహిరంగంగా గొంతెత్తినవారిలో మన వర్కింగ్ జర్నలిస్టుల సంఘంవారు ముందున్నారు. అదే ఏడాది మహారాష్ట్ర శాసనసభ ఎన్నికల వేళ, పరస్పరం పోటీపడే మరాఠీ పత్రికలు ఒకే నాయకుని స్తుతిని అక్షరం పొల్లుపోకుండా ప్రచురించిన వైనాన్ని పి. సాయినాథ్ ‘ది హిందూ’లో వెల్లడించారు.

ప్రెస్ కౌన్సిల్ ఈ వ్యవహారంపై పరంజయ్ గుహ ఠాకుర్తా, కె. శ్రీనివాస్ రెడ్డిలతో ఉపసంఘాన్ని నియమించింది. వారు పత్రికల పేర్లతో సహా నివేదిక సమర్పించారు. 2010 జూలైలో కౌన్సిల్ వెలువరించిన సంక్షిప్త నివేదికలో ఆ పేర్లు లేవు. మూల నివేదికను కౌన్సిల్ అధికారికంగా బయటపెట్టింది 2011లో, కేంద్ర సమాచార కమిషన్ ఆదేశించిన పిమ్మటనే. దాపరికాన్ని గురించిన నివేదికనే దాచడం కంటె విడ్డూరమేముంటుంది?

ఇక శిక్ష సంగతి. ఇటువంటి వార్తల ఖర్చును లెక్కల్లో చూపనందుకు ఉత్తరప్రదేశ్‌లోని బిసౌలీ శాసనసభ్యురాలిని ఎన్నికల సంఘం 2011 అక్టోబరులో మూడేళ్లపాటు అనర్హురాలిగా ప్రకటించింది. కాని ఆ ఎన్నిక జరిగినది 2007లో. న్యాయం నాలుగేళ్లకు నడిచి వచ్చేసరికి, పడవలసిన వోటు ఏనాడో పడిపోయింది.

కావున వోటరు తన కాపలా తానే కాసుకోవాలి. ఫలానావారి గెలుపు తథ్యమన్న వార్త కంటబడితే, ఆ మాట చెప్పినదెవరో అందులో ఉన్నదా, ప్రత్యర్థి వాదనకు చోటు దక్కినదా, అవే వాక్యాలు మరొక పత్రికలోనూ ఉన్నవా అని చూడాలి. ఒక అభ్యర్థి ఊసే ఎక్కడా లేకపోతే, ఎందుకు లేదని ప్రశ్నించాలి.

అలాగని అచ్చయినదంతా అమ్ముడుపోయినదేనని పత్రికను విసిరిపారేయడమూ తగదు. ఈ బాగోతాన్ని వీధికెక్కించినవారు కూడా విలేకరులే కదా! ఈ శీర్షికకు మాత్రం నేను మినహాయింపు కోరను. నేను రాసినదానిలో ఏది లేదో కూడా పాఠకులు చూడవలసిందే.