స్లాబ్ అంకుల్‌ది.. చెమట మనది!

ఎల్బీనగర్‌లో మెట్రో ఎక్కాక, దిల్‌సుఖ్‌నగర్ వచ్చేదాకా ఫోన్ జేబులో పెట్టి ఓసారి కిటికీలోంచి చూడండి. రెండు పక్కలా డాబాలే డాబాలు. నల్ల ట్యాంకులు, ఆరేసిన బట్టలు, మసిబారిన స్లాబులు, వాటి మీద ఓ మూల పెంట్‌హౌస్. ఆ గదుల్లో ఉండేది ఎవరనుకున్నారు? మనమే! కోచింగ్‌కి వచ్చినవాళ్లం, కొత్తగా ఉద్యోగంలో చేరినవాళ్లం.

ఏప్రిల్ వస్తే రాత్రి పదకొండింటికి కూడా ఫ్యాన్ వేడిగాలే కొడుతుంది. తప్పు ఫ్యాన్‌ది కాదు. పొద్దంతా ఎండ తాగిన స్లాబు రాత్రంతా ఆ వేడిని గదిలోకి వదులుతుంది. అదే స్లాబుకు తెల్ల రంగు వేస్తే ఎండలో చాలా భాగం వెనక్కి పోతుంది. గది చల్లబడుతుంది, కూలర్‌కీ ఏసీకీ పని తగ్గుతుంది.

చైతన్యపురిలో నేనుండే ఇంటి ఓనర్‌తో ఇదే చెప్పాను. "కరెంటు బిల్లు కట్టేది నువ్వే కదా బాబూ, రంగు ఖర్చు నాకెందుకు?" అన్నారు. అసలు చిక్కంతా ఇక్కడే ఉంది. "మరి మీ పైగది ప్రతి మే నెలలో ఎందుకు ఖాళీ అవుతోంది అంకుల్?" అన్నాను. ఆయన కాసేపు ఏం మాట్లాడలేదు. తర్వాతి ఆదివారం సున్నం బస్తా వచ్చింది, బ్రష్ నా చేతికొచ్చింది!

2023 ఏప్రిల్‌లో తెలంగాణ ప్రభుత్వం కూల్ రూఫ్ పాలసీ తెచ్చింది. ఇళ్ల విషయంలో 600 చదరపు గజాలు, ఆపైన స్థలం ఉంటేనే అది తప్పనిసరి. మన గల్లీల్లో ఎక్కువగా ఉండేవి 150, 200 గజాల ఇళ్లు. అంటే రూల్ మన డాబా ఎక్కదు, మనమే ఎక్కాలి.

పని కష్టమేం కాదు. డాబా ఊడ్చి కడగండి. పగుళ్లు పూడ్చండి. ఆరాక రెండు కోట్లు వేయండి. సున్నం చవక, కానీ వానలకు పోతుంది, ఏటా వేయాలి. కూల్ రూఫ్ పెయింట్‌కి ఖర్చెక్కువ, కొన్నేళ్లు ఆగుతుంది. సున్నం కళ్లలో పడకుండా జాగ్రత్త.

ఇక ఫ్యాన్ సంగతి. పాత ఫ్యాన్ సుమారు 75 వాట్లు తింటే, బీఎల్‌డీసీ ఫ్యాన్ 30 వాట్లతో సరిపెట్టుకుంటుంది. రోజుకు 15 గంటలు తిరిగితే ఒక్క ఫ్యాన్ మీదే నెలకు 20 యూనిట్లు మిగులు. గృహజ్యోతి ఉన్న ఇంట్లో 200 యూనిట్లు దాటితే మొత్తం బిల్లు కట్టాల్సిందే. అక్కడ ఈ ఇరవై యూనిట్లే జీరో బిల్లును కాపాడొచ్చు.

సొంతిల్లు ఉన్నవాళ్లు ఎండలు ముదరకముందే డాబా ఎక్కండి. అద్దెకుంటున్నవాళ్లు ఇది ఓనర్ అంకుల్‌కి వాట్సాప్ చేయండి. "బ్రష్ నేను పట్టుకుంటా" అని కింద ఓ మాట కలపండి. సగం పని అక్కడే అయిపోతుంది.