ఇంటి నంబరు మార్చారు

అమెరికాలోని కొలరాడో రాష్ట్రం, బౌల్డర్ ఊళ్లో 1927లో కట్టిన ఇటుకల ఇల్లొకటి ఉంది. 1991లో రామ్సే దంపతులు దాన్ని 5 లక్షల డాలర్లకు కొన్నారు. 1998లో ఆరున్నర లక్షలకు, 2004లో పదిన్నర లక్షలకు అది చేతులు మారింది. ఆ తర్వాత చాలాసార్లు అమ్మకానికి పెట్టినా బేరం తెగలేదు. 2023లో మళ్లీ పెట్టినప్పుడు అడిగిన ధర దాదాపు 70 లక్షల డాలర్లు. ఈ మధ్యలో ఇంటి నంబరు కూడా మార్పించారు. మన దగ్గరైతే వాస్తు సిద్ధాంతి వచ్చి ఈశాన్యం పెంచి, గేటు తిప్పించి, గణపతి హోమం చేయించి ఉండేవాడు. వాళ్లకు చేతనైంది వాళ్లు చేశారు.

ఆరేళ్ల జాన్‌బెనే రామ్సే శవం 1996 డిసెంబరు 26న దొరికింది ఆ ఇంటి నేలమాళిగలోనే. ముద్దుగుమ్మల పోటీల్లో ఆ పిల్ల నడిచిన వీడియోలను టీవీలు ఇప్పటికీ తిప్పితిప్పి వేస్తూనే ఉన్నాయి.

కొలరాడో చట్టం ప్రకారం ఒక ఇంట్లో హత్య జరిగిందన్న సంగతి కొనేవాళ్లకు చెప్పి తీరాలని లేదు. కాలిఫోర్నియాలోనైతే గత మూడేళ్లలో జరిగిన చావు గురించి చెప్పాలి. నాకు కొలరాడో పద్ధతే నయమనిపిస్తుంది. పాత ఇల్లన్నాక ఎవరో ఒకరు పోకుండా ఉంటారా? ఇటుకలేం పాపం చేశాయి? కానీ జనం అలా ఆలోచించరు. ఇంగ్లండులోని గ్లాస్టర్‌లో వరస హత్యలు జరిగిన ఇంటిని 1996లో పడగొట్టి, ఒక్క ఇటుక కూడా ఎవరి చేతికీ చిక్కకుండా పిండి చేశారు. ఇడాహోలో నలుగురు విద్యార్థులు హత్యకు గురైన ఇంటిని 2023 డిసెంబరులో, నిందితుడి విచారణ మొదలుకాకముందే కూల్చేశారు. బాధిత కుటుంబాల్లో కొందరు వద్దని మొత్తుకున్నా వినలేదు. ఇక మసాచుసెట్స్‌లోని ఫాల్ రివర్‌ది ఇంకో దారి. 1892లో జంట హత్యలు జరిగిన లిజీ బోర్డెన్ ఇంటిని లాడ్జీ చేసి, రాత్రి పడుకున్నందుకు డబ్బు పుచ్చుకుంటున్నారు. కేసు తేలకుండా వందేళ్లు గడిస్తే అదే సరుకైపోతుంది. బౌల్డర్ ఇంటికి ఇంకా ఆ వయసు రాలేదు. దానికి దోషం పట్టింది చావు వల్ల కాదు, ఆ రోజు ఉదయం పోలీసులు చేసిన పని వల్ల.

తెల్లవారుజామున 5.52కి తల్లి 911కి ఫోన్ చేసింది. పాప కనిపించడం లేదు, మెట్ల మీద డబ్బు అడుగుతూ ఉత్తరం ఉంది. రెండున్నర పేజీల ఉత్తరం. రాసింది ఆ ఇంటి ప్యాడ్ కాగితాల మీదే, ఆ ఇంటి పెన్నుతోనే. అడిగింది 1,18,000 డాలర్లు. తండ్రికి ఆ ఏడు వచ్చిన బోనస్ కూడా ఇంచుమించు అంతే. ఇల్లంతా సాక్ష్యమేనని తెలుసుకోవడానికి పోలీసుకు ఇంతకన్నా ఏం కావాలి? వాళ్లు మాత్రం దాన్ని కిడ్నాప్ కేసుగానే చూశారు. పాప పడకగదికి టేపు కట్టి, మిగతా ఇల్లు వచ్చేపోయేవాళ్లకు వదిలేశారు. స్నేహితులొచ్చారు, పాస్టర్ వచ్చాడు. వచ్చినవాళ్లు సాయం చేద్దామని వంటింటి గట్టు కూడా తుడిచారు. మొదట వచ్చిన అధికారి నేలమాళిగలోకి దిగి, పైన చెక్క గొళ్లెం వేసి ఉన్న ఒక తలుపు చూశాడు. అతను వెతుకుతున్నది దొంగ బయటికి పోయిన దారి కోసం. ఇవతల నుంచి గొళ్లెం పడిన తలుపుతో తనకేం పని అనుకుని పైకి వచ్చేశాడు. పాప ఆ తలుపు వెనకే ఉంది.

పది దాటింది. ఉత్తరంలో చెప్పిన ఫోన్ రాలేదు. పోలీసులు ఒకరి తర్వాత ఒకరు వెళ్లిపోగా ఒక్క మహిళా డిటెక్టివ్ మిగిలింది. మధ్యాహ్నం ఒంటిగంట ప్రాంతంలో ఆమె, ఏదైనా తేడాగా కనిపిస్తుందేమో ఇల్లంతా ఒకసారి చూడమని తండ్రికి చెప్పింది. ఆయన ఒక స్నేహితుడితో కలిసి కిందికి దిగి ఆ తలుపు తీశాడు. నోటికి అంటించిన టేపు లాగేసి, బిడ్డను చేతుల మీద పైకి తెచ్చాడు. కన్నవాడు మరేం చేస్తాడు? డిటెక్టివ్ ఆ శవాన్ని అక్కణ్నుంచి ఇంకోచోటికి జరిపింది. దాని మీద దుప్పటి కప్పారు.

తండ్రే నేరస్తుడైతే, సాక్ష్యం చెరిపే వీలు పోలీసులే చేతులారా ఇచ్చారు. ఆయన నిర్దోషైతే, తన మీద పడ్డ అనుమానాన్ని ఏనాటికీ దులుపుకోలేని పని ఆయన చేతే చేయించారు. ఎటు చూసినా పోయింది నిజమే. అలసత్వం నేరస్తుణ్ని తప్పిస్తుందనే అందరూ అంటారు. అది నిర్దోషిని కూడా వదిలిపెట్టదని ఎవరూ గట్టిగా అనరు.

తర్వాతిదంతా తెలిసిన కథే. తల్లిదండ్రులను పోలీసులు పద్ధతి ప్రకారం ప్రశ్నించింది 1997 ఏప్రిల్ ఆఖరున, నాలుగు నెలల తర్వాత. 1999లో గ్రాండ్ జ్యూరీ వాళ్లమీద అభియోగాలు మోపాలని తేల్చినా, సాక్ష్యం చాలదని జిల్లా అటార్నీ సంతకం పెట్టలేదు. జ్యూరీ ఏం తేల్చిందో లోకానికి తెలిసింది 2013లో. 2006 జూన్‌లో తల్లి క్యాన్సర్‌తో పోయింది. ఆ ఆగస్టులోనే నేనే చంపానంటూ బ్యాంకాక్‌లో ఒకడు పట్టుబడ్డాడు, డీఎన్ఏ కలవలేదు. 2008లో అప్పటి జిల్లా అటార్నీ, కుటుంబానికి ఏ సంబంధమూ లేదని, క్షమించమని ఉత్తరం రాసింది. ఇంతవరకు ఎవరికీ శిక్ష పడలేదు.

పదకొండేళ్ల తర్వాత, 2007 డిసెంబరు 27న, విజయవాడ దగ్గర ఇబ్రహీంపట్నంలో ఒక ప్రైవేటు హాస్టల్లో పదిహేడేళ్ల ఫార్మసీ విద్యార్థిని హత్యకు గురైంది. పోలీసులు 2008 ఆగస్టులో ఒక పేద యువకుణ్ని పట్టుకున్నారు. వాడు కాదని పిల్ల తల్లిదండ్రులే చెప్పారు. హతురాలి తల్లి నిందితుడి పక్షాన మాట్లాడటం కన్నా పెద్ద హెచ్చరిక దర్యాప్తు అధికారికి ఇంకేముంటుంది? 2010లో కింది కోర్టు శిక్ష వేసింది. 2017 మార్చి 31న హైకోర్టు అతణ్ని నిర్దోషిగా విడిచిపెట్టి, లక్ష రూపాయలు చెల్లించాలని ఆదేశించింది. జైల్లో పోయిన ఎనిమిదేళ్ల పైచిలుకుకు లక్ష. కేసును మళ్లీ మొదటికి తెచ్చేసరికి, సాక్ష్యాధారాలు విజయవాడ కోర్టులోనే ధ్వంసమైపోయాయని బయటపడింది. 2018లో కేసు సీబీఐకి వెళ్లింది. 2019 డిసెంబరులో తెనాలిలో సమాధి తవ్వి, ఆ బిడ్డ ఎముకలకు మళ్లీ పరీక్ష చేశారు. మొదటి పంచనామా సరిగ్గా జరిగి ఉంటే ఆ తల్లికి అది చూసే గతి పట్టేది కాదు.

ఇంకా వెతకనక్కర్లేదు, 2008 మేలో నోయిడాలో ఒక బాలిక హత్య కేసు చూడండి. పిల్లను చంపి పారిపోయాడని ఇంటి పనివాడి మీద అనుమానం ప్రకటించారు. మేడ మీద తలుపు తాళం తీయలేదు. మర్నాడు తీస్తే అతని శవమే అక్కడుంది. ఈలోపు ఇల్లంతా జనం. అలాంటి గుంపుల్లో ముందు వరసలో కెమెరాలతో ఉండేది మా పత్రికలవాళ్లు, టీవీలవాళ్లే. మన జిల్లాల్లో దీనికి పరామర్శ కూడా తోడవుతుంది. క్లూస్ టీం రాకముందే ఎమ్మెల్యేగారు, ఆయన వెనకాల పాతికమంది చెప్పులతో లోపలికి వెళ్లొచ్చేస్తారు. పోలీసు కుక్క వచ్చి ఆ అడుగుల మధ్య తిరిగి తిరిగి, రోడ్డు మీద ఆగిపోతుంది. పొద్దున పేపర్లో దాని ఫోటో కూడా వేస్తాం.

2024 జూలై 1 నుంచి అమల్లోకి వచ్చిన భారతీయ నాగరిక్ సురక్షా సంహిత, ఏడేళ్లూ అంతకుమించి శిక్ష పడే నేరాల్లో ఫోరెన్సిక్ నిపుణులు స్థలానికి రావాలని, వీడియో తీయాలని 176వ సెక్షన్లో చెప్పింది. మంచిదే. దాన్ని అమల్లో పెట్టడానికి రాష్ట్రాలకు ఐదేళ్ల గడువు ఇచ్చింది. నిపుణుడు ఎన్ని గంటల్లోగా రావాలో మాత్రం అందులో లేదు. జిల్లా కేంద్రం నుంచి మండలానికి వ్యాను వచ్చేదాకా ఆ గుమ్మంలో నిలబడేది అక్కడి స్టేషన్ కానిస్టేబులే. అతనికి కావాల్సింది ఒక తాడు, లోపలికి వెళ్లినవాళ్ల పేరు రాసే రిజిస్టరు, పై అధికారినైనా పెద్దమనిషినైనా బయటే ఆపితే మర్నాడు బదిలీ కాదన్న భరోసా. తాడు, రిజిస్టరు ఎలాగో కొనొచ్చు.