లింకు డాక్యుమెంట్లలో లేని పేజీ

అట్లాంటా పక్కన డెకేటర్‌లో మా ఇంటి దస్తావేజులో ‘ల్యాండ్ లాట్’ అని ఒక నంబరు ఉంటుంది. అది ఇంటి నంబరు కాదు. 1821లో క్రీకులనే మూలవాసుల నుంచి తీసుకున్న నేలను జార్జియా రాష్ట్రం 202.5 ఎకరాల ముక్కలుగా కొలిపించి, తెల్లవాళ్లకు లాటరీలో పంచింది. ఆ ముక్కల నంబర్లే ఇప్పటికీ నడుస్తున్నాయి. సెంటు స్థలానికైనా ముప్ఫై ఏళ్ల ఈసీ తీయించే మనవాళ్లు ఇక్కడ ఆ నంబరు దగ్గరే ఆగిపోతారు.

అంతకుముందు సంగతి అడిగితే వచ్చే జవాబు ఒకటే: క్రీకులు యుద్ధంలో ఓడారు, భూమి పోయింది. నా పేచీ ఈ జవాబుతోనే. గెలిచిన క్రీకుల భూమీ పోయింది మరి!

1813లో క్రీకులు రెండుగా చీలి కొట్టుకున్నారు. వలస వచ్చినవాళ్ల పద్ధతులు వద్దన్న ‘రెడ్ స్టిక్స్’ ఒకవైపు, అమెరికాతో చేయి కలిపినవాళ్లు ఇంకోవైపు. 1814 మార్చి 27న అలబామాలోని హార్స్‌షూ బెండ్ దగ్గర అమెరికా సేనాని ఆండ్రూ జాక్సన్ ఫిరంగులు రెడ్ స్టిక్స్ కట్టిన దుంగల గోడను రెండు గంటలు కొట్టినా అది కదల్లేదు. వెనకనుంచి జాక్సన్ వైపున్న చెరోకీ తెగవాళ్లు నది ఈది అవతలి ఒడ్డున ఉన్న పడవలు లాక్కొచ్చారు. వాటిలోనే చెరోకీలూ జాక్సన్ వైపు క్రీకులూ నది దాటి ఊరికి నిప్పుపెట్టారు. అప్పుడు గాని ముందునుంచి జాక్సన్ సైన్యం గోడ దాటలేదు. 800 మందికి పైగా రెడ్ స్టిక్స్ చనిపోయారు.

ఆగస్టులో జాక్సన్ బిల్లు చేతిలో పెట్టాడు: 2 కోట్ల 30 లక్షల ఎకరాలు. శత్రువుల్లో చాలామంది అప్పటికే ఫ్లోరిడాకు పోయి సెమినోల్ తెగవాళ్లలో కలిశారు. ఆ ఒప్పందం మీద సంతకాలు పెట్టింది దాదాపు అందరూ మిత్రులే, పోయిన నేలలో వాళ్లదీ ఉంది. (ఇరవై డాలర్ల నోటు మీద బొమ్మ ఈ జాక్సన్‌దే.)

ఆ యుద్ధంలో జాక్సన్ పక్షాన ఉన్న క్రీకు నాయకుడు విలియం మెకింతోష్. మా ఇల్లున్న నేల పోయిన 1821 ఒప్పందం మీదా, జార్జియాలో మిగిలిన భూమిని రాసిచ్చిన 1825 ఒప్పందం మీదా ఆయన సంతకం ఉంది. అనుమతి లేకుండా భూమి అమ్మితే మరణమే అన్నది క్రీకుల చట్టం. అదే 1825 ఏప్రిల్ 30న క్రీకు నాయకుడు మెనావా మనుషులు ఇల్లు తగలబెట్టి ఆయన్ని చంపారు. ద్రోహే, కాదనను. కానీ కథ అంతా ఆయన నెత్తిన వేస్తే సుఖపడేది జార్జియా ప్రభుత్వమే.

ఎందుకంటే అమెరికా కోసం పోరాడినవాళ్లకూ చివరికి అదే గతి పట్టింది. 1836లో వందలమంది క్రీకులు అమెరికా సైన్యం తరఫున సెమినోలుల మీద పోరాడటానికి ఫ్లోరిడా వెళ్లారు. తాము తిరిగొచ్చేదాకా కుటుంబాలను కదపరని మాట తీసుకుని వెళ్లారు. వెనక అలబామాలోనేమో ఆ కుటుంబాల మీద దాడులు జరిగాయి. చివరికి వాళ్లనూ పడమటికి తోలేశారు. అలా వెళ్లగొట్టిన క్రీకులతో నిండిన మన్మత్ అనే స్టీమరు 1837 అక్టోబరు 31న మిసిసిపీలో మునిగి సుమారు 300 మంది పోయారు.

ఇంతకీ క్రీకులు పోయి కథల్లో కలిసిపోలేదు. వాళ్ల మస్కోగీ నేషన్ ఓక్లహోమాలో ఉంది. సెప్టెంబరులో మేకన్‌లోని ఓక్మల్గీ దిబ్బల దగ్గర జరిగే ఉత్సవానికి వాళ్లు వస్తారు. బతుకమ్మకు హాళ్లు బుక్ చేసే మన సంఘాలు ఆ వారాంతానికి పిల్లల కోసం ఒక బస్సు మాట్లాడవచ్చు. అట్లాంటా నుంచి గంటన్నర దారి.