నీ ‘స’ ఎక్కడుంది?

పిల్లలూ!

మొన్న సాయంకాలం మా భావనపాడులో అరుగు మీద కూర్చుని ఉన్నాను. ఏడవ తరగతి చదివే మా వీథి అమ్మాయి ఒకతె వచ్చి నిలుచున్నది. చేతిలో వాళ్ళ అన్నయ్య ఫోను ఉన్నది.

“మేస్టారూ, ఇది చూడండి. ఈ అబ్బాయి ఎంత బాగా వయొలిన్ వాయిస్తున్నాడో! ఏదో పోటీ అట. దేశదేశాల పిల్లలు వచ్చారట” అన్నది.

చూచాను. వెనుక పెద్ద వాద్యబృందం. ముందు ఒక కుర్రవాడు కళ్ళు మూసుకొని వాయిస్తున్నాడు. అమ్మాయి కాసేపు ఊరుకొని, మెల్లగా అసలు సంగతి బయటపెట్టింది.

“మా బడిలో కూడా పాటల పోటీ పెడుతున్నారండీ. పేరు ఇవ్వమంటున్నారు. ఓడిపోతే అందరూ నవ్వుతారు కదా? ఇవ్వనా, మాననా?”

ఆ పిల్లకు వెంటనే జవాబు చెప్పలేకపోయాను. ఎందుకు చెప్పలేకపోయానో చివర చెబుతాను. ముందు ఆ ఫోనులోని పోటీ సంగతి తెలుసుకొందాం.

దాని పేరు యూరోవిజన్ యంగ్ మ్యూజిషియన్స్. ఐరోపాలోని టెలివిజన్ సంస్థలు కలిసి నడిపే పోటీ ఇది. ఒక్కొక్క దేశం ఒక్కొక్క యువ వాద్యకుణ్ణి పంపుతుంది. చివరి విడతలో వాళ్ళు వాద్యబృందంతో కలిసి వాయిస్తారు. అది అనేక దేశాలలో టీవీలో కనిపిస్తుంది. మొదటిసారి 1982 లో ఇంగ్లండులోని మాంచెస్టరు నగరంలో జరిగింది. అప్పుడు వచ్చినవి ఆరు దేశాలే. పశ్చిమ జర్మనీకి చెందిన మార్కుస్ పావ్లిక్ అనే కుర్రవాడు పియానో వాయించి గెలిచాడు. 2016 లో పోలెండు నుంచి వచ్చిన సాక్సోఫోను వాద్యకుడు గెలిచాడు. 2024 లో ఈ పోటీ నార్వే దేశంలో బోడో అనే ఊళ్ళో జరిగింది. అది కూడా మన భావనపాడులాగా సముద్రపుటొడ్డు ఊరే. కాని ఉత్తర ధ్రువ వలయం లోపల ఉన్నది. వేసవిలో కొన్నాళ్ళు అక్కడ సూర్యుడు అస్తమించడు! అక్కడ గెలిచినది ఆస్ట్రియా నుంచి వచ్చిన వయొలిన్ వాద్యకుడు.

మీకొక సందేహం రావాలి. పరుగుపందెంలో ఎవరు ముందు తాడు తాకితే వారిదే గెలుపు. గడియారం ఉన్నది, పేచీ లేదు. ఒకడు పియానో, ఒకడు సాక్సోఫోను, ఒకడు వయొలిన్ వాయిస్తే, ఎవడు ముందో ఎట్లా చెప్పడం? దానికి కొలబద్ద ఏది?

కొలబద్ద చెవి. కళ్ళకంటె చెవినే నమ్ముకొని పైకి వచ్చిన మహానుభావుడు ఒకాయన మన పొరుగున విజయనగరంలోనే ఉండేవారు. ఆయన కథ వినండి.

ద్వారం వెంకటస్వామినాయుడుగారు 1893 లో బెంగుళూరులో పుట్టారు. పెరిగింది మన విశాఖపట్నంలో. చిన్నతనం నుంచీ ఆయనకు చూపు తక్కువ. ఆ కారణంగా బడిచదువు సాగలేదు. బడి మానిన పిల్లవాడు ఇంట్లో కూర్చుని ఏం చేస్తాడు? అన్నగారి దగ్గర వయొలిన్ నేర్చుకొన్నారు. ఏళ్ళ తరబడి సాధన చేశారు.

1919 లో విజయనగరం మహారాజావారు విజయనగరంలో సంగీత పాఠశాల పెట్టారు. హరికథా పితామహులు ఆదిభట్ల నారాయణదాసుగారు దానికి మొదటి అధ్యక్షులు. నాయుడుగారికి అప్పుడు పాతికేళ్ళు. ఆ బడిలో విద్యార్థిగా చేరుదామని విజయనగరం వెళ్ళారు. ఆయన వాయిద్యం విన్నవారు ఏం చేశారో తెలుసునా? “నీవు నేర్చుకోవడం కాదు, నేర్పాలి” అన్నట్టుగా వయొలిన్ ఆచార్యుడిగానే ఉద్యోగం ఇచ్చారు! పలక పట్టుకొని బడికి వెళ్ళిన పిల్లవాణ్ణి తీసుకుపోయి మేస్టారి కుర్చీలో కూర్చోబెట్టినట్టు అయింది. 1936 లో ఆ పాఠశాలకు ఆయనే అధ్యక్షులయ్యారు. 1941 లో మద్రాసు సంగీత విద్వత్సభవారి ‘సంగీత కళానిధి’ బిరుదు, 1957 లో ‘పద్మశ్రీ’ వచ్చాయి. 1964 లో కన్నుమూశారు.

1952 లో యెహూది మెనూహిన్ అనే జగత్ప్రసిద్ధ వయొలిన్ విద్వాంసుడు మన దేశం వచ్చాడు. ఆయన ఏడేళ్ళకే పెద్ద సభలో వాయించిన ఘనుడు. ఆయన నాయుడుగారి వాయిద్యం విని ఎంతో మెచ్చుకొన్నాడు. తరువాత 1983 లో ఆ మెనూహిన్‌గారే పిల్లల కోసం ఒక అంతర్జాతీయ వయొలిన్ పోటీ ప్రారంభించాడు. ఇరవై రెండేళ్ళ లోపువారికే అందులో ప్రవేశం. మరీ చిన్నవాళ్ళకు వేరే వరుస.

ఇక వయొలిన్‌లోని కష్టం చూడండి. వీణకు ఇరవై నాలుగు మెట్లు ఉంటాయి. మెట్టు మీద వ్రేలు పెడితే స్వరం తన చోటు తానే చెబుతుంది. వయొలిన్‌కు మెట్లు లేవు, గీతలు లేవు, గుర్తులు లేవు. పలికే తీగ పొడుగు ఇంచుమించు 33 సెంటీమీటర్లు. దానిమీద వ్రేలు ఒక్క మిల్లీమీటరు పక్కకు జరిగినా, చెవి పదునైనవాళ్ళు పసిగడతారు. “తప్పు, సరిచేసుకో” అని చెప్పేది వాయించేవాడి చెవి ఒక్కటే. సభలో ఎంతమంది న్యాయనిర్ణేతలు కూర్చున్నా, వాళ్ళందరికంటె ముందు తీర్పు చెప్పేది ఆ చెవే.

ఇప్పుడు ఒక తమాషా చేసి చూద్దాం. చెవి దేన్ని కొలుస్తుందో మీకే తెలుస్తుంది.

మీటరు పొడుగు చెక్క ఒకటి తీసుకోండి. రెండు చివరలా పెద్దవాళ్ళ చేత మేకులు కొట్టించండి. వల అల్లే నైలాను దారం తెచ్చి ఆ మేకులకు బిగించి కట్టండి. మరీ తెగేటట్టు లాగవద్దు; ముఖం దూరంగా ఉంచండి. దారం కింద రెండు పెన్సిళ్ళు అడ్డంగా దూర్చండి. వాటి మధ్య దూరం సరిగా 60 సెంటీమీటర్లు ఉండాలి. మధ్యలో దారాన్ని మీటండి. చెక్కకు చెవి ఆనించి వింటే చక్కగా వినిపిస్తుంది. ఆ వచ్చిన ధ్వనిని ‘స’ అనుకోండి.

మూడో పెన్సిలు ఒకటి దారం కింద దూర్చి, పలికే భాగం 30 సెంటీమీటర్లే ఉండేటట్టు అక్కడ వ్రేలితో అదిమి మీటండి. అదే ‘స’, కాని పైస్థాయిలో పలుకుతుంది! పొడుగు సగం అయింది. దారం కంపించడం రెండింతలు అయింది. 40 సెంటీమీటర్లు ఉంచండి; ‘ప’ పలుకుతుంది. 45 దగ్గర ‘మ’. 48 దగ్గర ‘గ’. ఈ ‘గ’, ఈ ‘మ’ శంకరాభరణ రాగంలో వచ్చేవి. స్వరాలన్నీ దారం మీద లెక్క ప్రకారం కూర్చుని ఉన్నాయి, చూచారా!

అసలు తమాషా ఇప్పుడు ఉన్నది. మొదటి రెండు పెన్సిళ్ళనూ జరిపి, వాటి మధ్య దూరం 48 సెంటీమీటర్లు చేయండి. మీటి, దాన్నే ‘స’ అనుకోండి. ఇందాక ‘గ’ అయిన చోటు ఇప్పుడు ‘స’ అయింది! దీనికి ‘ప’ ఎక్కడ? 32 దగ్గర. పై ‘స’ ఎక్కడ? 24 దగ్గర. దారం పొట్టిది అయితేనేం, పాట ఏమీ చెడలేదు. ఎందుచేతనంటే చెవి కొలిచేది సెంటీమీటర్లను కాదు. ‘స’కూ ‘ప’కూ మధ్య ఉన్న సంబంధాన్ని కొలుస్తుంది. ‘స’ ఎక్కడైనా ఉండవచ్చు. అది కుదిరిన తరువాత మిగిలినవి దానికి సరిపోవాలి.

పాశ్చాత్య సంగీతంలో వాద్యబృందం అంతా ఒకే స్వరానికి శ్రుతి చేసుకొంటుంది. అది సెకనుకు 440 సార్లు కంపించే స్వరం. కొన్నిచోట్ల ఒకటి రెండు ఎక్కువ. డెబ్బై ఎనభై మంది ఒకేసారి వాయించాలి గనుక వాళ్ళకు అది అవసరం. ఆ వయొలినే రెండువందల ఏళ్ళ క్రితం ముత్తుస్వామి దీక్షితులవారి తమ్ముడు బాలుస్వామి దీక్షితులవారి చేతికి వచ్చి, మన సంగీతంలో చేరింది. ఇక్కడ అది నిలుచోవడం మాని నేలమీద కూర్చున్నది. అంతేకాదు, పాడేవారి గొంతుకు తగినట్టు తీగలు బిగించుకోవడం నేర్చుకొన్నది. ఇవాళ పాడేది చిన్నపిల్ల అయితే పైశ్రుతి. రేపు పాడేది పెద్దాయన అయితే కిందిశ్రుతి. కచేరీ మొదలు పెట్టకముందే విద్వాంసులు అంతసేపు తీగలు సవరించుకొనేది ఇందుకే. పాడేవారి ‘స’ ఎక్కడుందో ముందు తేల్చుకొంటారు.

ఇంత తెలిసిన నేను ఒకప్పుడు ఏం చేశానో చెబుతానన్నాను కదా.

చాలా ఏళ్ళ క్రితం నేను పనిచేసిన ఒక బడిలో పాటల పోటీ పెట్టాను. న్యాయనిర్ణేతను నేనే. హార్మోనియం పెట్టె ముందు వేసుకొని, ఒక శ్రుతి పట్టి, పిల్లలందరినీ ఆ శ్రుతిలోనే పాడమన్నాను. అందరికీ ఒకే కొలత ఉంటే న్యాయంగా ఉంటుందని నా ఊహ. పడవ మీద వేటకు పోయే ఒకాయన కొడుకు లేచి పాడాడు. గొంతు పైకి అందక జీరపోయింది. పిల్లలు నవ్వారు. నేను నవ్వలేదు గాని, అంతకంటె చెడ్డపని చేశాను. “నీకు శ్రుతి లేదు, కూర్చో” అన్నాను. ఆ పిల్లవాడు కూర్చున్నాడు. ఆ తరువాత ఎన్ని పోటీలు జరిగినా మళ్ళీ పేరు ఇవ్వలేదు.

ఉద్యోగం విరమించిన తరువాత ఒకనాడు తెల్లవారుజామున ఇక్కడ ఒడ్డున నడుస్తున్నాను. జనం పెద్దవల లాగుతున్నారు. ఒకడు ముందు పాడుతుంటే, తక్కినవాళ్ళు అందుకొంటున్నారు. పాట ఎక్కడ విరిగితే అక్కడ అన్ని చేతులూ ఒక్కసారి తాడు లాగుతున్నాయి. ఆ ముందుపాట పాడేవాడి గొంతు విని నిలిచిపోయాను. బరువైన గొంతు, కింద నుంచి మొదలై, ఎక్కడా బెసగకుండా నిలకడగా పోతున్నది. దగ్గరకు పోయి చూస్తే, ఆ పిల్లవాడే! తల నెరిసింది.

“ఇంత చక్కని శ్రుతి నీకు ఎక్కడిదిరా?” అన్నాను.

అతను నవ్వి, “ముందునుంచీ ఉన్నదేనండి మేస్టారూ. ఆవేళ మీ పెట్టె శానా పైన పలికింది. నా గొంతు అక్కడికి అందనేదు” అన్నాడు.

నాకు మాట రాలేదు. పెన్సిలు జరిపితే చాలునని ఇప్పుడు మీకు అర్థమయింది కదా? ఆనాడు నేను జరపలేదు. పిల్లవాడి గొంతులో తప్పు లేదు. నేను పెట్టిన కొలతలో ఉన్నది. “తప్పు నాదిరా, నాయనా” అన్నాను. “పోనివ్వండి మేస్టారూ, తాడు పట్టండి” అన్నాడు. పట్టాను. నా ముసలి చేతులతో ఏం లాగానో గాని, ఆ పాటతో పాటు కాసేపు నేనూ లాగాను.

ఇప్పుడు మా వీథి అమ్మాయికి నేను చెప్పిన జవాబు వినండి.

“పేరు ఇయ్యమ్మా. పోటీకి పోవడం మంచిదే. నీకంటె బాగా పాడేవాళ్ళను వింటావు. అది ఎక్కడా దొరకని పాఠం. కాని పోటీ చెప్పేది ఆ ఒక్క పూట సంగతి. ఎవరికి ఆ పూట ఎట్లా కుదిరిందో అంతే. నీకు సంగీతం ఉన్నదో లేదో అది చెప్పలేదు. వెళ్ళేముందు నీ ‘స’ ఎక్కడుందో చూసుకొందాం, రా” అన్నాను.

ఆనాటి నుంచి రోజూ సాయంకాలం వస్తున్నది. మొదటి రోజు హార్మోనియం మీద మూడు నాలుగు చోట్ల పట్టి చూచాము. ఒకచోట గొంతు హాయిగా నిలిచింది. అక్కడ చిన్న సుద్దగీత పెట్టాను.

పెద్దలకు ఒక మాట. మీ పిల్లలు పోటీ నుంచి రాగానే “ఎన్నో బహుమతి?” అని అడగకండి. “ఇవాళ ఎవరి పాట బాగుంది? ఎందుకు బాగుంది?” అని అడగండి. చెవి పదును పెరగడానికి ఆ ప్రశ్న చాలు. ఉపాధ్యాయులకు వేరే చెప్పను. నా కథ చెప్పాను.

పిల్లలూ, ఈ నెల మీకు ఒక లెక్క. దారం పొడుగు 90 సెంటీమీటర్లు. దాన్ని ‘స’ అనుకొంటే ‘ప’ ఎన్ని సెంటీమీటర్ల దగ్గర పలుకుతుంది? పై ‘స’ ఎక్కడ? ‘గ’ ఎక్కడ? ముందు లెక్క వేయండి. తరువాత దారం కట్టి, చెవితో సరిచూడండి. లెక్కా చెవీ ఒకటే మాట చెబితే మీరు గెలిచినట్టే. జవాబు వచ్చే నెల.

ఉంటాను మరి. అదుగో, మా అమ్మాయి వస్తున్నది.