మంచుకొండల్లో రెండో ఇల్లు

ఈ మధ్య మన సంఘం ఏ కార్యక్రమం పెట్టినా భోజనాల దగ్గర ఒక మాట తప్పకుండా చెవిన పడుతోంది: "వాలిస్‌లో ఒక ఫ్లాటు చూశామండీ, స్కీ లిఫ్టు అయిదు నిమిషాల నడక." ఒకప్పుడు ఇవే బల్లల దగ్గర పర్మిట్ రెన్యువల్ గురించి మాట్లాడుకునేవాళ్లం. తర్వాత జూరిక్, బాసెల్ చుట్టుపక్కల సొంతింటి గురించి. ఇప్పుడు కొండమీద రెండో ఇంటి దాకా వచ్చాం. మనవాళ్లు ఈ దేశంలో కుదురుకున్నారనడానికి ఇంతకన్నా గుర్తు ఏం కావాలి? ఇది నిజంగా సంతోషించాల్సిన సంగతి. అయినా ఈ చలికాలపు సంచికలో మా అభిప్రాయం దాచకుండా చెప్పాలనుకుంటున్నాం. ఏడాదిలో కొన్ని వారాలైనా తలుపు తీసి ఉండలేనివాళ్లు ఆల్ప్స్‌లో ఇల్లు కొనకూడదు. డబ్బు లెక్కలోనూ, ఊరి బాగు లెక్కలోనూ మాకు ఇదే న్యాయమనిపిస్తోంది.

ఈ కోరిక ఎక్కడ పుడుతుందో మాకు తెలుసు. చాలా ఇళ్లలో అది పిల్లల దగ్గర మొదలవుతుంది. బడిలో స్కీ లాగర్‌కు పంపిస్తారు. వారం తిరిగేసరికి మన పిల్లవాడు నీలం పిస్టు దాటి ఎర్ర పిస్టు మీద జారుతుంటాడు. కింద థర్మోస్ పట్టుకుని నిలబడ్డ అమ్మానాన్నలకు ఒక పక్క గర్వం, ఒక పక్క గుండెదడ. ఫిబ్రవరి స్పోర్ట్‌ఫేరియన్ వస్తే అద్దె ఫ్లాట్లు దొరకవు, దొరికినా ధర మండిపోతుంది. ఏటా ఈ అవస్థ ఎందుకు, ఒకటి కొని పడేస్తే పోలేదా అనిపించడం సహజం. దానికి తోడు తెలుగు సినిమా పాటల్లో చూసిన మంచుకొండలు మనసులో ఎప్పటినుంచో ఉన్నాయి. ఆ కోరికను మేం తప్పు పట్టడం లేదు.

ముందు చట్టం సంగతి. విదేశీయుల చేతికి స్థిరాస్తి వెళ్లడాన్ని నియంత్రించే ఫెడరల్ చట్టం 1983 డిసెంబరులో వచ్చింది. అందరూ దాన్ని లెక్స్ కొల్లర్ అంటారు. సీ పర్మిట్ ఉండి ఇక్కడే నివసిస్తున్నవాళ్లకూ, స్విస్ పాస్‌పోర్టు తీసుకున్నవాళ్లకూ ఈ చట్టం అడ్డు రాదు. బీ పర్మిట్ మీద ఉన్న భారతీయులు తాము ఉంటున్న ఊళ్లో, తాము ఉండడానికే అయితే ఇల్లు అనుమతి లేకుండా కొనుక్కోవచ్చు. హాలిడే హోమ్ మాత్రం వేరే కథ. దానికి కాంటన్ అనుమతి కావాలి. ఆ అనుమతులు దేశం మొత్తానికి ఏడాదికి 1,500 మాత్రమే, వాటినే కాంటన్లు పంచుకోవాలి. అదీ కాంటన్ పర్యాటక ప్రాంతంగా ప్రకటించిన ఊళ్లలోనే ఇస్తారు. మామూలుగా నివాసయోగ్యమైన వైశాల్యం 200 చదరపు మీటర్లు దాటకూడదు. అలా కొన్న ఇంటిని ఏడాది పొడవునా అద్దెకు ఇచ్చేయడానికి వీల్లేదు. నిబంధనలు ఇంకా బిగించాలన్న చర్చ కూడా బెర్న్‌లో నడుస్తోంది.

ఇక్కడ ఒక సలహా మనవాళ్ల మధ్య చేతులు మారుతోంది: "మీకు బీ పర్మిటే కదా, సీ ఉన్న మావాడి పేరు మీద కొనేయండి, తర్వాత చూసుకుందాం." దయచేసి ఆ మాట వినకండి. బినామీ అంటే ఏమిటో మనకు ఇంకొకరు చెప్పక్కర్లేదు. చట్టాన్ని తప్పించుకోవడానికి ఇంకొకరిని ముందు పెట్టి కొంటే ఆ కొనుగోలే చెల్లదు. డబ్బు పెట్టినవాడితో పాటు పేరు ఇచ్చినవాడూ క్రిమినల్ కేసులో ఇరుక్కుంటాడు, జైలు శిక్షకు కూడా చట్టంలో చోటుంది. స్నేహం కోసం సంతకం పెట్టిన కుటుంబం పర్మిటే ప్రమాదంలో పడుతుంది. మన సంఘంలో ఎవరికీ ఆ పరిస్థితి రాకూడదు.

లెక్స్ కొల్లర్ అడ్డు లేనివాళ్లు కూడా రెండో చట్టాన్ని తప్పించుకోలేరు. 2012 మార్చి 11న ఈ దేశ ప్రజలు ఓటు వేసి, ఏ గెమైండె (మునిసిపాలిటీ)లోనైనా రెండో ఇళ్ల వాటా 20 శాతం మించకూడదని తేల్చారు. పర్యావరణవాది ఫ్రాంజ్ వెబర్ తెచ్చిన ఆ ప్రతిపాదన 50.6 శాతంతో గట్టెక్కింది. 2016 జనవరి 1 నుంచి దాని చట్టం అమల్లో ఉంది. ఇప్పటికే 20 శాతం దాటిన గెమైండెలు మూడు వందలకు పైనే ఉన్నాయి. పేరున్న స్కీ ఊళ్లన్నీ దాదాపు ఆ జాబితాలోనివే. అక్కడ మామూలు హాలిడే ఫ్లాట్లు కొత్తగా కట్టడానికి అనుమతి ఇవ్వరు. 2012 మార్చి 11 నాటికే ఉన్న ఇళ్లను, లేదా అప్పటికే అనుమతి పొందినవాటిని, రెండో ఇళ్లుగా స్వేచ్ఛగా వాడుకోవచ్చు. తర్వాత కట్టినవాటిలో చాలావాటికి భూమి రిజిస్టరులో "స్థిర నివాసానికే" అన్న షరతు రాసి ఉంటుంది. తక్కువ ధరకు కొత్త ఫ్లాటు దొరికిందని మురిసిపోయేముందు, గ్రుండ్‌బుఖ్‌లో ఆ ఒక్క పంక్తి చదివించుకోండి.

ఈ ఓటు గురించి ఇంకొంచెం చెప్పాలి. కొండప్రాంతాలు దీన్ని గట్టిగా వ్యతిరేకించాయి. వాలిస్‌లో నూటికి 70 మందికి పైగా వద్దన్నారు. మేస్త్రీలు, వడ్రంగులు, ఎలక్ట్రీషియన్లు ఆ ఇళ్ల మీదే బతికేవాళ్లు, వాళ్ల భయానికి కారణం ఉంది. నగరాల ఓట్లతో గెలిచిన చట్టమని వాళ్లకు ఇప్పటికీ కష్టంగానే ఉంటుంది. అయినా ఆ చట్టం దేన్ని ఆపాలనుకుందో చూడాలంటే నవంబరు నెలలో ఒక మంగళవారం అలాంటి ఊరికి వెళ్లండి. వీధికి రెండు వైపులా నాలుగంతస్తుల భవనాలు, బాల్కనీలకు చెక్కిన చెక్క కటకటాలు, ఒక్క కిటికీ రెక్క తెరిచి ఉండదు. బేకరీ తలుపుకు డిసెంబరు మధ్యలో తెరుస్తామని కాగితం అంటించి ఉంటుంది. స్కీ షాపు అద్దం వెనక కిందటేడాది బూట్లు. నీళ్ల పైపులు, మురుగుశుద్ధి ప్లాంటు, రోడ్లు అన్నీ కొత్త సంవత్సరం వారానికి వచ్చే జనానికి సరిపడేలా కట్టాలి. ఏడాదంతా వాటి ఖర్చు మోసేది ఆ కొద్దిమంది. లిఫ్టు నడిపే కుర్రవాడికీ బడి టీచరుకూ ఆ ఊళ్లో అద్దెకు ఇల్లు దొరకదు. కింద లోయలోంచి రోజూ బస్సెక్కి రావాలి.

మనకు ఇది తెలియని సంగతి కాదు. కృష్ణా, గుంటూరు, గోదావరి జిల్లాల్లో, తెలంగాణలోనూ, పిల్లలు విదేశాల నుంచి డబ్బు పంపి కట్టించిన మేడలు ఎన్ని తాళాలతో ఉన్నాయో ఊరెళ్లిన ప్రతివాళ్లం చూస్తున్నాం. గేటుకు తాళం, వరండా నిండా ఎండుటాకులు, వారానికోసారి మోటారు వేసి వెళ్లే ఒక మనిషి. సంక్రాంతి మూడు రోజులు దీపాలు వెలుగుతాయి. బళ్లో పిల్లలు తగ్గిపోతారు, కిరాణా కొట్టు మూతపడుతుంది. సొంత ఊరిని అలా చూసి బాధపడే మనం, పరాయి ఊరికి అదే బాధ తెచ్చిపెట్టకూడదు. ఈ సంపాదకీయం రాయడానికి మమ్మల్ని పురిగొల్పింది ముఖ్యంగా ఇదే.

ఇక డబ్బు. సెయింట్ మోరిట్స్, వెర్బియే లాంటి చోట్ల చదరపు మీటరు 20,000 ఫ్రాంకులు దాటుతుంది, అది మనలో చాలామందికి అందని మాట. సాదా ఊళ్లో ఎనిమిది లక్షల ఫ్రాంకుల ఫ్లాటు అనుకుందాం. సొంతింటికి 20 శాతం చేతిలో ఉంటే చాలనే బ్యాంకులు, హాలిడే ఇంటికి వచ్చేసరికి సాధారణంగా 35, 40 శాతం అడుగుతాయి. పెన్షన్‌కాసా డబ్బు తీయడానికి వీల్లేదు. అది మీరు నివసించే ఇంటికే. అంటే మూడు లక్షల ఫ్రాంకులకు అటూఇటూగా రొక్కం కావాలి. మిగిలిన అప్పు మీద వడ్డీ, ఏడాదికి ఇంటి విలువలో ఒక శాతం చొప్పున మరమ్మతుల లెక్క, గెమైండె వసూలు చేసే కూర్‌టాక్సె, బిల్డింగ్ ఖర్చులు. తడవకోసారి కాదు, ఏటా. ఆ సొమ్ముతో ఫిబ్రవరిలో ఒక వారం, ఎండాకాలంలో రెండు వారాలు మంచి ఫ్లాటు అద్దెకు తీసుకున్నా ఇంకా మిగులుతుంది.

కొనాలని నిశ్చయించుకున్నవాళ్లు బాల్కనీ నుంచి కనబడే శిఖరం కన్నా ముందు ఓనర్ల మీటింగ్ ప్రోటోకాల్స్ చూడండి, గత నాలుగైదేళ్లవి. స్కీ ఊళ్లలో చాలా భవనాలు 1970ల నాటివి. "పైకప్పు మార్పు, వచ్చే ఏటికి వాయిదా", "ఆయిల్ హీటింగ్ తీసేయడం, వచ్చే ఏటికి వాయిదా", మళ్లీ అదే వచ్చే ఏడు కూడా. ఇలా వరసగా కనిపిస్తే, రెనొవేషన్ ఫండ్‌లో ఎంత ఉందో ఆ పక్కనే చూడాలి. ఆ నిల్వ చిన్నదైతే ఆ కప్పు ఖర్చు మీరు కొన్న మరుసటి ఏడే మీ వాటాగా వస్తుంది. పన్నుల లెక్క కూడా మారుతోంది. సొంతింటి మీద ఊహించి లెక్కకట్టే అద్దె ఆదాయంపై పన్నును రద్దు చేయడానికి 2025 సెప్టెంబరు 28న ప్రజలు ఒప్పుకున్నారు. దాంతో పాటే రెండో ఇళ్ల మీద ప్రత్యేక పన్ను వేసే అధికారం కాంటన్లకు దక్కింది, వడ్డీ, మరమ్మతుల మినహాయింపులు చాలావరకు పోతాయి. పాత లెక్కలు చూపించి అమ్మేవాళ్ల మాట నమ్మకండి.

అన్నిటికన్నా పెద్ద ప్రశ్న మంచు. 28 ఐరోపా దేశాల్లో 2,234 స్కీ రిసార్టులను పరిశీలించిన ఒక అధ్యయనం 2023లో వెలువడింది. భూమి సగటు వేడి 2 డిగ్రీలు పెరిగితే, కృత్రిమ మంచు లేకుండా వాటిలో 53 శాతం తీవ్రమైన మంచు కొరత పాలవుతాయని అది చెప్పింది. 1,500 మీటర్లకు దిగువన ఉన్న ఊళ్లో "స్కీ ఫ్లాటు" కొంటున్నామంటే ముందు పిల్లల వయసు, తర్వాత తీర్చాల్సిన అప్పు కాలం పక్కపక్కన పెట్టి చూసుకోండి. కొండ కూడా ఉన్నచోట ఉండడం లేదు. 2025 మే 28న లోట్షెన్‌టాల్ లోయలోని బ్లాటెన్ మీద బిర్ష్ హిమానీనదం విరిగిపడి ఊరిలో అత్యధిక భాగాన్ని పూడ్చేసింది. తొమ్మిది రోజుల ముందే దాదాపు 300 మందిని ఖాళీ చేయించారు కాబట్టి ప్రాణాలు దక్కాయి. గొర్రెల కాపరి ఒక్కరు మరణించారు. ఊరిని మళ్లీ నిలబెట్టాలని అక్కడివాళ్లు పని మొదలుపెట్టారు, ఆ పట్టుదలకు చేతులెత్తి మొక్కాలి. కొనేవాళ్లు మాత్రం ప్రతి గెమైండె దగ్గరా ఉండే ప్రమాదాల పటం అడిగి, మీ భవనం ఏ రంగులో ఉందో చూడాలి. ఎరుపు అయితే అక్కడితో ఆగిపోండి. ఇంకొక సంగతి: వాలిస్‌లో కాంటన్ బీమా సంస్థ లేదు, చట్టప్రకారం భవన బీమా తప్పనిసరి కూడా కాదు. జూరిక్ అలవాటుతో బీమా దానంతటదే ఉంటుందనుకోకండి.

ఇండియా వైపు రెండు ముక్కలు. ఊళ్లో పొలమో స్థలమో అమ్మి ఆ డబ్బు ఇక్కడికి తెచ్చుకునేవాళ్లకు ఎన్‌ఆర్‌ఓ ఖాతా నుంచి ఆర్థిక సంవత్సరానికి పది లక్షల డాలర్ల పరిమితి ఉంది. రేపు తిరిగి వెళ్లిపోయినా ఇక్కడ ఉండగా కొన్న ఇంటిని ఫెమా చట్టం ప్రకారం ఉంచుకోవచ్చు. అయితే అక్కడ పూర్తి రెసిడెంట్ అయ్యాక ఆ ఇంటిని ఏటా రిటర్నులో చూపించి తీరాలి. దాచితే 2015 నాటి నల్లధనం చట్టం కింద పది లక్షల రూపాయల జరిమానా పడవచ్చు.

ఇంకొకటి ఎవరూ లెక్కలో వేసుకోరు. ఆ ఇంట్లో ఎక్కువ రోజులు ఉండేది మనం కాకపోవచ్చు, ఎండాకాలం ఊరి నుంచి వచ్చే అమ్మానాన్నలు. వాళ్లు వచ్చేది ఎక్కువగా మే నెలలో. అప్పుడు కేబుల్ కార్లు మరమ్మతులకు ఆగి ఉంటాయి, హోటళ్లు మూసి ఉంటాయి, ఉన్న ఒక్క దుకాణం మధ్యాహ్నం రెండు గంటలు తలుపు వేసేస్తుంది. పలకరించే మనిషి లేని బాల్కనీలో పెద్దవాళ్లను కూర్చోబెట్టి మనం ఆఫీసుకు జూరిక్ వెళ్లిపోతే, శిఖరం ఎంత అందంగా ఉన్నా వాళ్లకు అది ఒంటరితనమే.

అందుకని మా మాట ఇది. కొనేముందు అదే ఊళ్లో అద్దెకు ఉండండి. ఫిబ్రవరిలో ఒకసారి, నవంబరులో ఒకసారి, మేలో ఒకసారి. మూడు కాలాల్లోనూ ఆ ఊరు మీకు నచ్చితే, ఆ ఊరివాళ్లకు మీరు పేరుతో తెలిస్తే, అప్పుడు కొనండి. కొన్నవాళ్లు మీరు వెళ్లని వారాల్లో ఇంటిని చట్టం ఒప్పుకున్న మేరకు అతిథులకు ఇవ్వండి. మన సంఘంలో స్కీకి పిల్లలను తీసుకెళ్లలేకపోతున్న కొత్త కుటుంబాలు ఉన్నాయి, వాళ్లకు ముందు చెప్పండి. ఇప్పటికే ఇల్లు కొని ఊరి మనుషులైపోయిన సభ్యులు మీ అనుభవం వచ్చే సంచికకు రాసి పంపండి. బ్రోషర్లలో లేని ఖర్చులను కూడా అంకెలతో సహా రాయండి.