సిమెట్రీ మాటెత్తకుండా బ్యాండ్ గ్యాపా?

ఫస్టియర్ ఫిజిక్స్‌లో క్రోనిగ్-పెన్నీ మోడల్ అంటే పది మార్కుల ప్రశ్న. డెరివేషన్ బట్టీ కొట్టి, చివర్లో గీతల బొమ్మ వేసి, "దీన్నే బ్యాండ్ గ్యాప్ అంటారు" అని రాసి వచ్చేస్తాం. సీఎస్ఈ వాళ్ళకి ఈ చాప్టర్ ఎందుకని చాలామంది విసుక్కుంటారు. నా గొడవ వేరే. చాప్టర్ ఉండాల్సిందే, చెప్పే పద్ధతే మారాలి. గ్యాప్ ఎందుకు వస్తుందో ఎంతో కొంత చెప్తున్నారు. కొన్ని పదార్థాల్లో ఎందుకు రాదో మాత్రం చెప్పట్లేదు. రాకుండా ఆపేది సిమెట్రీ.

గ్రాఫీన్‌నే తీసుకోండి. కార్బన్ పరమాణువులు తేనెపట్టు గళ్ళలా అమరిన ఒకే ఒక్క పొర. 2004లో మాంచెస్టర్‌లో గైమ్, నోవోసెలోవ్ ఈ పొరని గ్రాఫైట్ నుంచి టేప్‌తో ఊడదీశారు, 2010లో నోబెల్ అందుకున్నారు. దాని ఎనర్జీ లెక్కని వాలెస్ 1947లోనే వేసి పెట్టాడు. పొర చేతికి రావడానికి 57 ఏళ్ళ ముందు!

ఆ లెక్క మనకి అందనిదేం కాదు. తేనెపట్టులో రిపీట్ అయ్యే యూనిట్‌కి రెండు చోట్లు ఉంటాయి, ఎ, బి అనుకుందాం. అంటే రెండు బై రెండు మాట్రిక్స్. డయాగనల్‌లో ఎ ఎనర్జీ, బి ఎనర్జీ. మిగతా రెండు ఖానాల్లో ఎలక్ట్రాన్ ఎ నుంచి బికి, బి నుంచి ఎకి గెంతే లెక్క. ఒక్కో ఎ పక్కన మూడు బిలు ఉంటాయి కాబట్టి అది మూడు కాంప్లెక్స్ నంబర్ల మొత్తం. తేనెపట్టుని 120 డిగ్రీలు తిప్పినా అలాగే ఉంటుంది కదా, అందువల్ల కొన్ని ప్రత్యేకమైన మొమెంటమ్‌ల దగ్గర ఆ మూడూ 120 డిగ్రీల ఎడంతో నిలబడి ఒకదాన్నొకటి కొట్టేసుకుంటాయి. మొత్తం సున్నా. ఇక మిగిలింది డయాగనల్. రెండు చోట్లా కార్బనే, తారుమారు చేసినా తేడా తెలీదు, కాబట్టి రెండు నంబర్లూ సమానం. ఐగన్ వాల్యూలు రెండూ ఒకటే. గ్యాప్ లేదు. (స్పిన్ వల్ల అతి చిన్న గ్యాప్ ఒకటి వస్తుంది, ఇక్కడ దాన్ని వదిలేస్తున్నా.)

ఇప్పుడు ఎ దగ్గర బోరాన్, బి దగ్గర నైట్రోజన్ పెట్టండి. అదే తేనెపట్టు. పరమాణువుల మధ్య దూరం కూడా దాదాపు అంతే, 0.142 నానోమీటర్ల బదులు 0.145. 120 డిగ్రీలు తిప్పితే ఇదీ మారదు, కాబట్టి ఆ మూడు నంబర్ల మొత్తం ఇంకా సున్నానే. కానీ ఎ, బి తారుమారు చేస్తే తెలిసిపోతుంది. డయాగనల్ నంబర్లు వేరైపోయాయి. గ్యాప్ సుమారు 6 ఎలక్ట్రాన్ వోల్టులు, అంటే గట్టి ఇన్సులేటర్. తమాషా ఏంటంటే, ల్యాబుల్లో గ్రాఫీన్‌ని తరచుగా పరిచేది ఈ బోరాన్ నైట్రైడ్ మీదే.

సిమెట్రీ అంటే గ్రూప్ థియరీ కావాలి, పిల్లలకి బరువు అంటారు. పైన ఎక్కడ వాడాం? ఐగన్ వాల్యూలు మ్యాథ్స్‌లో ఎలాగూ చేస్తున్నాం. ఆ మ్యాథ్స్‌కీ ఈ ఫిజిక్స్‌కీ మధ్య గోడ కట్టింది సిలబస్.

ల్యాబ్‌లో ఒక్క ప్రయోగం తగ్గించి ఇది పెట్టండి. నంపైలో ఇరవై, ముప్పై లైన్లు. డయాగనల్ నంబర్లని కొంచెం కొంచెం దూరం జరుపుతూ పోతే, మొన దగ్గర తాకుతున్న రెండు శంకువులు విడిపోవడం స్క్రీన్ మీదే కనిపిస్తుంది. వైవాలో కూడా "గ్యాప్ ఎంత?" బదులు "ఏ సిమెట్రీ పోయింది?" అని అడగొచ్చు.