పరీక్షకు ముందు పద్యము, నాటకము

తెలుగు పరీక్ష ఇంకా వారం దినములున్నదనగా విద్యార్థుల చేతిలోకి గైడు వచ్చి చేరుతుంది. పద్యానికి ప్రతిపదార్థం, నాటకానికి కథాసంగ్రహం, పాత్ర స్వభావానికి పది వాక్యాలు, అన్నీ కంఠస్థమవుతాయి. పరీక్ష ముగిసిన మరునాటికి వాటిలో ఒక్క పాదమైనా నాలుకపై నిలువదు. ఈ పద్ధతి జ్ఞానానికే కాదు, మార్కులకు సైతం మేలు చేయదని మా అభిప్రాయం.

పద్యం చెవికోసం పుట్టినది. నాటకం పలువురి నోట పలుకుటకు పుట్టినది. ఈ రెండింటిని మౌనంగా కంటితో చదివి అర్థం కాలేదనుట, పాటను వినకుండానే బాగులేదనుట వంటిది.

సీతారామపురం, ఉదయగిరి, ఆత్మకూరు ప్రాంతాల వారమైన మనకు ఇది దూరపు మాట కాదు. పదునైదవ శతాబ్దిలో నంది మల్లయ, ఘంట సింగయ అను జంటకవులు "ప్రబోధచంద్రోదయము" రచించి ఉదయగిరి మంత్రియైన గంగయామాత్యునికి అంకితమిచ్చారు. దానికి మూలం కృష్ణమిశ్రుని సంస్కృత నాటకం. వివేకుడు, మహామోహుడు మున్నగువారు అందలి పాత్రలు. నాటకంలో పాత్రలే మాట్లాడుతాయి. కావ్యంలో కవి నడుమ నిలిచి కథ నడుపుతాడు. ఆ జంటకవులు నాటకాన్ని పద్యకావ్యంగా మార్చినపుడు వారు చేయవలసిన పని ఇదే. దీనిని గ్రహించిన విద్యార్థి "కావ్యానికి, నాటకానికి భేదమేమి?" అను ప్రశ్నకు జంకవలసిన పనిలేదు.

1897లో వెలువడిన వేదం వేంకటరాయశాస్త్రిగారి "ప్రతాపరుద్రీయము" చూడండి. మంత్రి యుగంధరుని పలుకు వేరు, చాకలి పేరిగాని పలుకు వేరు. పాత్రోచిత భాష అనునది ఇదే. ఇద్దరు విద్యార్థులు చెరియొక పాత్రను తీసుకొని బిగ్గరగా చదివితే ఆ భేదం తనంతట తానే చెవికి తెలుస్తుంది. పది వాక్యాలు వల్లించినా అది తెలియదు.

ఇంటిలో ఉర్దూ మాట్లాడి కళాశాలలో తెలుగు చదువు విద్యార్థులను గూర్చి ప్రత్యేకంగా చెప్పవలసియున్నది. ఛందస్సనగానే వారు భయపడతారు. నిజానికి వారి చెవి ముందే సిద్ధమై యున్నది. ముషాయిరాలో గజల్ విన్నవారికి ఖాఫియా, రదీఫ్ తెలుసు. అక్కడ ప్రాస పాదం చివర పలుకుతుంది. మన వృత్తాలలో పాదపు రెండవ అక్షరంలో పలుకుతుంది. ఉర్దూలో షేర్‌ను తక్తీ చేయుట, తెలుగులో పద్యానికి గణవిభజన చేయుట, రెండును ఒకే జాతి పనులు. ఉత్పలమాలకు భ, ర, న, భ, భ, ర, వ గణములు, ఇరువది అక్షరములు, పదవ అక్షరం యతిస్థానం. ఈ లెక్కను కాగితంపై వల్లించుటకంటె ఒక పద్యాన్ని నాలుగుసార్లు చదివి చేతితో తాళం వేసి చూచుట సులభం.

కాని ఉచ్చారణ తడబడినపుడు తరగతిలో నవ్వు వినబడితే, ఆ విద్యార్థి మరల నోరు తెరవడు. క్రమంగా భాషకే దూరమవుతాడు. మాకు కలుగుచున్న అసలు బాధ ఇది. ఉర్దూ పదాలలోని ఖ, ఫ ధ్వనులు పలుకుటకు తెలుగు విద్యార్థి కూడ తడబడతాడని మరువరాదు. పిఠాపురానికి చెందిన ఉమర్ అలీషా (1885-1945) తెలుగున కావ్యాలు, నాటకాలు రచించి పండితుల మన్నన పొందారు. 1880 దశకంలో మచిలీపట్నంలో నాదెళ్ల పురుషోత్తమకవి హిందుస్తానీ నాటకాలను తెలుగు లిపిలో వ్రాశారు. ఒక భాష మరొక భాషకు అడ్డు కాదని వీరిరువురు చాలినంత నిరూపించారు.

కళాశాల కమిటీవారికి మా విన్నపం రెండు మాటలు. ప్రతి పరీక్షకు ముందు ఒక పీరియడును పద్యపఠనానికి, పాత్రలవారీగా నాటకపఠనానికి కేటాయించండి. కళాశాలలో జరుగు పరీక్షలలో కొన్ని మార్కులు చదివి వినిపించుటకు ఇవ్వండి. పాఠ్యప్రణాళిక ముగియదని కొందరనవచ్చు. ఒక పద్యం చదువుటకు నిమిషం చాలు. చదివిన పద్యానికి వివరణ కూడ తక్కువే కావలసివస్తుంది.

విద్యార్థి మిత్రులకు ఒక్క మాట. గైడును మూసివేయమని మేము అనము. ముందు పద్యాన్ని విప్పి, నోరారా చదివి, ఆ పిమ్మట గైడును చూడండి. అప్పుడు పరీక్షలో వ్రాయు జవాబు మీ సొంతమై యుంటుంది.